కబురు ఒకటే, జవాబులు రెండు

మన ఒంట్లో ఎసిటైల్‌కోలీన్ అనే రసాయనం ఒకటి తయారవుతూ ఉంటుంది. నాడుల కొసల నుంచి అది లేశమాత్రం ఊరి ముంజేతి కండరాన్ని తాకిందనుకోండి, కండరం వెంటనే బిగుసుకుంటుంది. మీరు కలం పట్టి రాస్తున్నా, బంతి విసురుతున్నా జరిగేది ఇదే. సరిగ్గా ఆ రసాయనమే గుండెను తాకితే ఏమవుతుంది? గుండె కూడా కండరమే కదా, మరింత జోరుగా కొట్టుకుంటుందని మీరు అనుకోవచ్చు. కాని గుండె నెమ్మదిస్తుంది. మోతాదు ఎక్కువైతే కాసేపు ఆగిపోతుంది కూడా.

రసాయనం ఒకటే. రెండు చోట్లా దాని అణువులో ఒక్క పరమాణువు కూడా తేడా లేదు. మరి ఒకచోట "కానీయ్" అనీ, ఇంకొకచోట "ఆగు" అనీ అది ఎలా చెప్పగలుగుతున్నది?

ఈ చిక్కుముడి పూర్తిగా విప్పడానికి శాస్త్రజ్ఞులకు అరవై ఏళ్లు పైగా పట్టింది. ఆ కథ తెలుసుకుంటే నాగుపాము కరిచిన మనిషికి వైద్యుడు ఒకదానికొకటి విరుగుడులా కనిపించే రెండు మందులు ఒకేసారి ఎందుకు ఇస్తాడో కూడా మీకు అర్థమవుతుంది.

కలవని సంధి

నాడీకణం బొమ్మ మీరు పాఠంలో వేసే ఉంటారు. మధ్యలో కణదేహం, దాని చుట్టూ చెట్టు కొమ్మల్లా డెండ్రైట్లు, ఒక పక్కకు పొడుగ్గా సాగిన తంత్రికాక్షం. వెన్నుపాములో బయలుదేరి పాదం దాకా పోయే తంత్రికాక్షం పెద్దవాళ్లలో మీటరు పొడవు ఉంటుంది. అంత పొడుగూ ఒకే ఒక్క కణానిది! దాని వెంట కబురు విద్యుత్ ప్రేరణగా ప్రయాణం చేస్తుంది. లావుపాటి నాడీతంతువుల్లో ఈ వేగం సెకనుకు 100 మీటర్ల దాకా ఉంటుంది.

తంత్రికాక్షం కొస ఇంకొక కణం దగ్గరికి వచ్చి ఆగే చోటుకు 1897లో ఇంగ్లండులో షెరింగ్‌టన్ అనే శాస్త్రజ్ఞుడు 'సైనాప్స్' అని పేరు పెట్టాడు. మనం నాడీకణసంధి అంటున్నాం. ఈ పేరు చూసి మోసపోకండి. వ్యాకరణంలో సంధి జరిగితే రెండు అచ్చులు కలిసి ఒకటవుతాయి. ఇక్కడ రెండు కణాలూ కలవనే కలవవు. రెండింటి మధ్య సుమారు 20 నానోమీటర్ల ఖాళీ మిగిలిపోతుంది. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షలవ వంతు. తలవెంట్రుకను నిలువునా నాలుగు వేల చీలికలు చేయగలిగితే ఒక్కొక్క చీలిక మందం ఇంచుమించు ఆ ఖాళీ అంత ఉంటుంది. 1950ల్లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసేదాకా ఆ ఖాళీని ఎవరూ కళ్లారా చూడలేదు.

పేరుకు అది చిన్న ఖాళీయే. కాని తంతువు వెంట వచ్చిన విద్యుత్తు దాన్ని చాలావరకు దాటలేదు. ఏటి ఒడ్డుకు వచ్చిన రైలులా అక్కడే ఆగిపోతుంది. అవతలి ఒడ్డుకు కబురు ఎలా చేరుతున్నది? నిప్పురవ్వలా విద్యుత్తే దూకుతుందని ఒక వర్గం, ఏదో రసాయనం పడవలా దాటిస్తుందని మరొక వర్గం, యాభై ఏళ్లపాటు వాదించుకున్నారు. మీరు విన్న శాస్త్ర వివాదాల్లో ఇంత పట్టుదలగా సాగినవి తక్కువే ఉంటాయి.

రసాయనం పక్షాన మొదటి గట్టి సాక్ష్యం ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో ఆటో లోవీ చేసిన ప్రయోగం. ఒక రాత్రి ఆయనకు కలలో ఒక ప్రయోగం తట్టింది. లేచి కాగితం మీద గిలికి పడుకున్నాడు. పొద్దున్నే చూసుకుంటే తన రాత తనకే అర్థం కాలేదు! మరునాటి రాత్రి మూడు గంటలకు అదే ఆలోచన మళ్లీ వచ్చింది. ఈసారి కాగితం జోలికి పోకుండా నేరుగా ప్రయోగశాలకు నడిచాడు.

చేసింది చాలా తేలిక. రెండు కప్ప గుండెలు తీసుకున్నాడు. తగిన పాళ్లలో లవణాలు కలిపిన నీటిలో ఉంచితే కప్ప గుండె ఒంటి నుంచి వేరు చేసినా గంటల తరబడి కొట్టుకుంటుంది. మొదటి గుండెకు వేగస్ నాడి అంటిపెట్టుకుని ఉంది, రెండవదానికి లేదు. వేగస్ నాడిని విద్యుత్తుతో ప్రేరేపించగానే మొదటి గుండె నెమ్మదించింది. అది అందరికీ తెలిసిందే. లోవీ ఆ గుండెలో ఉన్న లవణజలాన్ని తీసి రెండవ గుండెలో పోశాడు. ఏ నాడీ తాకకుండానే రెండవ గుండె కూడా నెమ్మదించింది. నాడి కొస నుంచి ఏదో పదార్థం నీటిలోకి దిగిందన్నమాట. 1921లో లోవీ ఈ సంగతి ప్రకటించాడు. ఆ పదార్థమే ఎసిటైల్‌కోలీన్ అని తర్వాత తేలింది.

లండన్‌లో హెన్రీ డేల్ అనే శాస్త్రజ్ఞుడు అంతకు ముందే, 1914లో, ఇదే రసాయనాన్ని జంతువుల మీద పరీక్షించి ఒక వింత గమనించాడు. అది చేసే పనులు రెండు తెగలుగా విడిపోతున్నాయి. కొన్ని పనులు పొగాకులో ఉండే నికోటిన్ చేసే పనుల్లా ఉన్నాయి. కొన్ని ఒక విషపు పుట్టగొడుగులో ఉండే మస్కరిన్ చేసే పనుల్లా ఉన్నాయి. మనం మొదట వేసుకున్న ప్రశ్నకు జవాబు ఈ పరిశీలనలోనే దాగి ఉంది. కాని దాన్ని బయటికి తీసే పనిముట్లు అప్పటికి లేవు. డేల్, లోవీ 1936లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. రెండేళ్లకు నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించి, యూదుడైన లోవీని చెరలో పెట్టారు. బహుమతి సొమ్ము తమకు అప్పగించిన తర్వాతే ఆయన్ను దేశం దాటనిచ్చారు.

తలుపులు తెరుచుకుంటే

కబురు అందుకునే కణం వైపు చూద్దాం. ఊరికే ఉన్నప్పుడు కూడా ఆ కణం ఒక చిన్న బ్యాటరీ. దాని లోపలి వైపు బయటికంటే 70 మిల్లీవోల్టులు రుణంగా ఉంటుంది. టార్చిలైటు సెల్లులో ఉండేది 1500 మిల్లీవోల్టులు కదా, ఈ 70 ఏ మూలకు అనిపించవచ్చు. కాని కణం పొర ఎంత పల్చనిదో ఆలోచించండి. ఆ మందానికి లెక్కవేస్తే ఇది సెంటీమీటరుకు సుమారు లక్ష వోల్టుల ఒత్తిడితో సమానం! పొరకు బయట సోడియం అయాన్లు ఎక్కువ, లోపల పొటాషియం అయాన్లు ఎక్కువ. తలుపు తీయడమే తరువాయి, సోడియం లోపలికి దూసుకు వస్తుంది.

ఆ తలుపులే గ్రాహకాలు. కండరం మీద ఉండే గ్రాహకం అయిదు ప్రోటీను ముక్కలు గుండ్రంగా నిలబడి కట్టిన గొట్టం. మామూలుగా మధ్యదారి మూసుకుని ఉంటుంది. దాని ఒంటి మీద ఎసిటైల్‌కోలీన్ అణువు సరిగ్గా ఇమిడే గుంటలు రెండున్నాయి. రెండింటిలోనూ అణువులు కూర్చోగానే గొట్టం కాస్త మెలిక తిరిగి దారి తెరుచుకుంటుంది. తెరిచి ఉండేది సుమారు ఒక మిల్లీసెకను, అంటే సెకనులో వెయ్యోవంతు. ఆ రెప్పపాటులో, నిజానికి రెప్పపాటు దీనికి వంద రెట్లు పైమాటే, పదివేలకు మించి సోడియం అయాన్లు లోపలికి పోతాయి. అవి ధనావేశం గలవి కాబట్టి లోపలి రుణావేశం తగ్గుతుంది. ఇవతలి ఒడ్డున రసాయనంగా దిగిన కబురు మళ్లీ విద్యుత్తుగా మారింది.

గ్రాహకం తలుపు ఒక్కటి తెరుచుకోవడాన్ని 1976లో జర్మనీలోని గాటింగెన్‌లో ఎర్విన్ నేహర్, బెర్ట్ సాక్‌మన్ కొలిచి చూపించారు. సన్నని గాజుగొట్టం మొనను కప్ప కండరం మీద ఆనించి, ఆ మొన కింద పడిన ఒకటి రెండు తలుపుల కరెంటును పట్టారు. టార్చిలైటు బల్బులో పారే కరెంటులో అది పదివేల కోట్లవ వంతు. గీత మెల్లగా పెరగడం, తగ్గడం లేదు. మెట్టులా ఒక్కసారి లేచి, కాసేపు ఉండి, ఒక్కసారి పడిపోయింది. తలుపు తెరుచుకుంది, మూసుకుంది, అంతే. సగం తెరవడం అన్నది దానికి తెలియదు.

అంతకు చాలాముందే, 1950లో, లండన్‌లో బెర్నార్డ్ కాట్జ్, పాల్ ఫాట్ అనే ఇద్దరు మరొక చిత్రం చూశారు. కప్ప కండరంలోకి గాజుసూది దించి, నాడిని ఏ మాత్రం ముట్టుకోకుండా కూర్చున్నారు. అయినా కొలత పరికరంలో అప్పుడప్పుడు అర మిల్లీవోల్టు ఎత్తున చిన్న చిన్న మిటుకులు కనిపించాయి. ఎవరైనా దాన్ని పరికరం లోపమని తోసిపుచ్చేవాళ్లే. వీళ్లు తోసిపుచ్చలేదు. మిటుకులన్నీ దాదాపు ఒకే ఎత్తున ఎందుకున్నాయని అడిగారు. నాడి కొసలో ఎసిటైల్‌కోలీన్ పొట్లాలు కట్టి ఉంటుందని, ఒక్కొక్క పొట్లంలో కొన్ని వేల అణువులుంటాయని, నాడి ఊరికే ఉన్నప్పుడు కూడా అడపాదడపా ఒక పొట్లం పగులుతుందని తర్వాత తేలింది. నాడి వెంట నిజంగా ప్రేరణ వచ్చినప్పుడు వందకు పైగా పొట్లాలు ఒకేసారి పగులుతాయి. కండరం కదలడానికి కావలసినదానికంటే అది ఎక్కువే. అందుకే ఆరోగ్యంగా ఉన్న కండరం నాడి చెప్పిన మాట ఎన్నడూ జవదాటదు.

చిల్లుకుండ లెక్క

కబురు అందుకునేది కండరం కాక మరొక నాడీకణమైతే కథ మారిపోతుంది. నాడీకణం అంత విధేయురాలు కాదు. వెన్నుపాములో ఉన్న ఒక చాలక నాడీకణం మీద వేల సంఖ్యలో సంధులుంటాయి. ఒక్కొక్క సంధి నుంచి వచ్చే కబురు ఆ కణం వోల్టేజిని మార్చేది మిల్లీవోల్టులో కొద్ది భాగమే. కణం తనవంతు ప్రేరణ పంపాలంటే మైనస్ 70 నుంచి సుమారు మైనస్ 55 దాకా ఎక్కాలి. ఒక్కరు పిలిస్తే అది పలకదు. పదిమంది పిలిచినా పలక్కపోవచ్చు.

అడుగున చిల్లు ఉన్న ఒక కుండను ఊహించుకోండి. కుండ లోపల మెడ దగ్గర ఒక గీత ఉంది. నీళ్లు గీతను తాకితే గంట మోగుతుంది. ఒక గ్లాసు పోస్తే నీళ్లు కాస్త లేచి, చిల్లులోంచి కారిపోతాయి. ఇంకొక గ్లాసు ఆలస్యంగా పోస్తే లాభం లేదు, మొదటిది అప్పటికే పోయింది. గంట మోగాలంటే ఒకరే వెంటవెంటనే పోయాలి, లేదా చాలామంది ఒకేసారి పోయాలి. నాడీకణం చేసే లెక్క ఇదే. వచ్చిన కబురు ప్రభావం కొద్ది మిల్లీసెకన్లలో కారిపోతుంది. ఆ లోపల వచ్చినవన్నీ కూడిక అవుతాయి. కూడిక మొత్తం, తంత్రికాక్షం మొదలయ్యే చోట గీతను దాటితే ప్రేరణ బయలుదేరుతుంది. దాటకపోతే ఏమీ జరగదు.

ఇంతవరకు కూడికలే చెప్పాను. తీసివేతలు కూడా ఉన్నాయి. వాటిని పట్టుకున్నవాడు ఆస్ట్రేలియాకు చెందిన జాన్ ఎక్లిస్. తమాషా ఏమిటంటే, నిప్పురవ్వ వర్గానికి ఆయనే పెద్ద దిక్కు. సంధిని దాటేది విద్యుత్తేనని ఏళ్ల తరబడి వాదించినవాడు. ఎక్లిస్ న్యూజిలాండులో పనిచేస్తున్నప్పుడు కార్ల్ పాపర్ అనే తత్వవేత్తతో స్నేహం కలిసింది. "మీ సిద్ధాంతం తప్పయితే ఏ ప్రయోగంలో అది తప్పని బయటపడుతుందో ముందు తేల్చుకోండి" అన్న ధోరణి పాపర్‌ది. ఎక్లిస్ ఆ మాట మనసుకు పట్టించుకున్నాడు. తన విద్యుత్ సిద్ధాంతం నిజమైతే, నిరోధించే నాడి పనిచేసినప్పుడు కణం లోపలి వోల్టేజి ఏ దిక్కుకు మారాలో లెక్కకట్టి పెట్టుకున్నాడు. 1951లో డునెడిన్ నగరంలో, ఇద్దరు సహచరులతో కలిసి, పిల్లి వెన్నుపాములోని చాలక నాడీకణంలోకి గాజుసూది దించాడు. వోల్టేజి సరిగ్గా ఎదురు దిక్కుకు మారింది. కణం లోపల మరింత రుణమయింది.

తన జీవితకాలపు వాదం తన చేతిలోనే ఓడింది. ఎక్లిస్ సాకులు వెతకలేదు. ఓటమిని అచ్చులో ప్రకటించి, అప్పటి నుంచి రసాయన పక్షాన అంతే ఉత్సాహంతో పనిచేశాడు. ఆ పనికే 1963లో నోబెల్ వచ్చింది. (కొన్ని సంధుల్లో విద్యుత్తు నేరుగానే దాటుతుందని తర్వాత వేరేవాళ్లు కనుగొన్నారు. కాని అలాంటివి తక్కువ.)

"వద్దు" అని చెప్పే రసాయనాల్లో వెన్నుపాములో ముఖ్యమైనది గ్లైసిన్. అమైనో ఆమ్లాల్లోకెల్లా చిన్నది. మనం తినే పప్పులో, గుడ్డులో ఉన్న ప్రోటీన్లలో కూడా అది ఉంటుంది. మెదడులో ఈ పని ఎక్కువగా గాబా అనే మరో రసాయనం చేస్తుంది. వీటి గ్రాహకాలు తెరిచే దారిలో సోడియం పట్టదు, రుణావేశం గల క్లోరైడు అయాన్లు పోతాయి. కుండ భాషలో చెప్పాలంటే, ఇది అడుగున ఇంకొక చిల్లు తెరవడం. ఎన్ని గ్లాసులు పోసినా నీళ్లు గీతను అందుకోవు.

ఇక్కడ ఒక్క విశేషం చెప్పి ముందుకు పోదాం. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో, పుట్టుకకు ముందు మెదడు కణాల్లో క్లోరైడు లోపలే ఎక్కువగా ఉన్నట్లు తేలింది. అందువల్ల అదే గాబా, అదే రకం తలుపు తెరిచినా క్లోరైడు బయటికి పోయి, కణాన్ని ఆపడానికి బదులు రెచ్చగొడుతుంది. పెరిగేకొద్దీ లోపలి ఉప్పు పాళ్లు మారి, "సరే" కాస్తా "వద్దు" అవుతుంది. కబురు మారలేదు, తలుపూ మారలేదు. మారింది ఇల్లు.

మోకాలి దగ్గర చూడండి

కూడికా, తీసివేతా ఒకే క్షణంలో జరగడం మీరు చూడవచ్చు. మీ స్నేహితుణ్ణి ఎత్తయిన బల్ల మీద కూర్చోబెట్టి, కాళ్లు నేలకు తగలకుండా వేలాడనివ్వండి. మోకాటి చిప్పకు సరిగ్గా కింద, మెత్తగా తగిలే స్నాయువు మీద అరచేతి అంచుతో చిన్న దెబ్బ వేయండి. అతను వద్దనుకున్నా కాలు ముందుకు ఎగురుతుంది. అసంకల్పిత ప్రతీకార చర్యలకు మీ పుస్తకంలో ఇచ్చే ఉదాహరణ ఇదే.

పుస్తకంలో తరచు చెప్పనిది ఒకటుంది. కాలు ముందుకు లేవాలంటే తొడ ముందు కండరం బిగియాలి, తొడ వెనక కండరం వదులు కావాలి. రెండూ బిగిస్తే కాలు కర్రలా నిలబడిపోతుంది. దెబ్బ తగిలిన కబురు జ్ఞాననాడి వెంట వెన్నుపాములోకి వచ్చి రెండుగా చీలుతుంది. ఒక శాఖ నేరుగా ముందు కండరానికి చెందిన చాలక నాడీకణాన్ని ప్రేరేపిస్తుంది. రెండవ శాఖ మధ్యలో ఉన్న ఒక చిన్న నాడీకణాన్ని ప్రేరేపిస్తుంది. ఆ మధ్యవర్తి వెనక కండరపు చాలక నాడీకణం మీద గ్లైసిన్ చిమ్మి, "నువ్వు కదలకు" అంటుంది. మీరు వేసే ప్రతి అడుగులోనూ ఈ అవునూ కాదూ జంటగా నడుస్తున్నాయి.

ఆ "కాదు" పోతే ఏమవుతుందో మన పెద్దలు ఒక జబ్బుకు పెట్టిన పేరు చెబుతుంది. ధనుర్వాతం. గాయంలో పెరిగిన సూక్ష్మజీవి విషం నాడుల వెంట వెన్నుపాములోకి పాకి, మధ్యవర్తి కణాలు గ్లైసిన్, గాబా విడుదల చేయకుండా వాటి నోరు కట్టేస్తుంది. ఎదురెదురు కండరాలన్నీ ఒకేసారి బిగుసుకుంటాయి. దవడలు కరుచుకుపోతాయి, వెన్ను విల్లులా వంగుతుంది. తుప్పు మేకు గుచ్చుకుంటే టీకా వేయించుకోమనేది దీనికే. మన అడవుల్లో పెరిగే ముష్టి చెట్టు గింజల్లో స్ట్రిక్‌నిన్ అనే విషం ఉంది. అది గ్లైసిన్‌ను విడుదల కానిస్తుంది గాని, అవతలి ఒడ్డున గ్లైసిన్ కూర్చోవలసిన గుంటను తాను ఆక్రమిస్తుంది. ఒకటి చెప్పేవాడి నోరు మూస్తుంది, మరొకటి వినేవాడి చెవి మూస్తుంది. రోగి అవస్థ మాత్రం రెండింటిలోనూ ఒకేలా ఉంటుంది.

గుండె తాళం వేరు

మొదటి ప్రశ్నకు వద్దాం. చేతి కండరం మీద ఉన్న ఎసిటైల్‌కోలీన్ గ్రాహకం తలుపు అని చెప్పాను. గుండె మీద ఉన్న గ్రాహకం తలుపే కాదు. దాన్ని గుమ్మం పక్కన ఉండే పిలుపు గంట అనుకోండి. ఎసిటైల్‌కోలీన్ అణువు బయట దానిమీద కూర్చుంటే, పొర లోపలి వైపు జి-ప్రోటీను అనే నౌకరు కదులుతాడు. అతను పొర వెంబడి పోయి, వేరేచోట ఉన్న పొటాషియం తలుపు తెరుస్తాడు. లోపలి పొటాషియం బయటికి పోతుంది, ధనావేశం తగ్గుతుంది, కణం మరింత రుణమవుతుంది. తర్వాతి దెబ్బ కొట్టడానికి గుండె గీతను చేరాలంటే ఇంకా ఎక్కువసేపు పడుతుంది. అందుకే నెమ్మదిస్తుంది. నౌకరు నడిచిపోయి చేసే పని కాబట్టి చేతి కండరంలోలా ఒక మిల్లీసెకనులో ముగియదు. దీనికి పదుల, వందల మిల్లీసెకన్లు పడుతుంది.

డేల్ 1914లో చూసిన రెండు తెగలు ఈ రెండు గ్రాహకాలే. మొదటిదానికి నికోటిన్ తెగ గ్రాహకమనీ, గుండె మీద ఉన్నదానికి మస్కరిన్ తెగ గ్రాహకమనీ పేర్లు నిలిచిపోయాయి.

రెండు తాళాలూ వేరని విషాలకు మనకంటే ముందే తెలుసు! ఉమ్మెత్తలో ఉన్న అట్రోపిన్ మస్కరిన్ తెగ తాళాన్ని మాత్రమే మూస్తుంది. ఉమ్మెత్త కాయ తిన్నవాడికి నోరు ఎండిపోతుంది, కంటిపాప పెద్దదవుతుంది, గుండె పరుగెత్తుతుంది. కండరాల బలం మాత్రం ఉంటుంది. (పరీక్షించి చూడాలని ఎవరూ అనుకోవద్దు. ఉమ్మెత్త వల్ల మతి చలిస్తుంది, ప్రాణం కూడా పోవచ్చు.) కట్లపాము జాతి విషంలో ఒక భాగం ఇందుకు నేరుగా వ్యతిరేకం. 1963లో తైవాన్‌లో చాంగ్, లీ అనే శాస్త్రజ్ఞులు అక్కడి కట్లపాము విషం నుంచి వేరుచేసిన ఒక ప్రోటీను నికోటిన్ తెగ తాళంలో కూర్చుంటే మళ్లీ లేవదు. అంత గట్టిగా అంటుకుంటుంది కాబట్టే, దానికి రేడియోధార్మిక గుర్తు తగిలించి, కండరం మీద నాడి ఆనే చోట ఎన్ని గ్రాహకాలున్నాయో లెక్కపెట్టగలిగారు. మిల్లీమీటరులో వెయ్యోవంతు పొడవు, అంతే వెడల్పు ఉన్న జాగాలో సుమారు పదివేలు!

మన కట్లపాము సాధారణంగా రాత్రివేళ, నేలమీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పీ వాపూ అంతగా ఉండవు. అందుకే చాలామంది పట్టించుకోరు. ముందు కనురెప్పలు వాలిపోతాయి. తర్వాత మింగడం కష్టమవుతుంది. చివరికి ఊపిరి పీల్చే కండరాలకు నాడి కబురు అందడం మానేస్తుంది. గుండె మాత్రం కొట్టుకుంటూనే ఉంటుంది, దాని తాళం వేరు కదా! మనిషికి స్పృహ ఉన్నా వేలు కదపలేడు, కన్ను తెరవలేడు. చూసేవాళ్లు పోయాడనుకోవచ్చు. పోలేదు. ఆసుపత్రిలో యంత్రంతోనో, చేత్తో నొక్కే గాలితిత్తితోనో ఊపిరి అందిస్తూ, విషానికి విరుగుడు సీరం ఇస్తే, రోజులు పట్టినా మనిషి లేచి కూర్చుంటాడు. గాయాన్ని కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం, మంత్రం కోసం ఎదురుచూడడం, ఇవన్నీ ఆ ఊపిరి గడువును తినేసే పనులు. కరిచిన చేతినో కాలినో కదలకుండా ఉంచి, వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

కట్లపాము విషం గ్రాహకాలను మూయడంతో ఆగదు, నాడి కొసలను కూడా పాడుచేస్తుంది. నాగుపాము విషం ముఖ్యంగా గ్రాహకాలనే ఆక్రమిస్తుంది, అదీ కాస్త వదులుగా. ఇక్కడ వైద్యుడికి ఒక ఉపాయం ఉంది. మామూలుగా సంధిలోకి దిగిన ఎసిటైల్‌కోలీన్‌ను అక్కడే కాచుకుని ఉన్న ఒక ఎంజైము క్షణంలో ముక్కలు చేస్తుంది. ఒక్కొక్క ఎంజైము అణువు సెకనుకు వేల అణువులను విరుస్తుంది. లేకపోతే పాత కబురు పోకముందే కొత్త కబురు వచ్చి గందరగోళమవుతుంది. కొన్ని పురుగుమందులు ఒంట్లోకి పోతే ప్రాణాంతకం కావడానికి ఈ ఎంజైమును పనిచేయనివ్వకపోవడమే కారణం. నియోస్టిగ్మిన్ అనే మందు కూడా దీన్ని ఆపుతుంది, కాని కొలతగా, కొద్దిసేపే. ఎంజైము ఆగితే ఎసిటైల్‌కోలీన్ పోగుపడుతుంది. పోగుపడిన అణువులు తాళం దగ్గర విషంతో పోటీపడి, అది కాస్త జరిగినప్పుడల్లా గుంటలో దూరతాయి. వాలిన రెప్పలు లేవడం మొదలవుతుంది.

కాని పోగుపడేది కండరం దగ్గర మాత్రమే కాదు. గుండె దగ్గర కూడా పోగుపడుతుంది. అక్కడ అది ఏమంటుందో మీకు తెలుసు. అందుకని వైద్యుడు నియోస్టిగ్మిన్‌తోపాటు అట్రోపిన్ ఇంజెక్షన్ కూడా ఇస్తాడు. ఉమ్మెత్తలో ఉన్న అట్రోపినే. అది మస్కరిన్ తెగ తాళాలను మాత్రం మూసి ఉంచుతుంది. రక్తంలో రెండు మందులూ కలిసే తిరుగుతుంటాయి. రొమ్ము కండరాలకు "పీల్చు" అన్న కబురు గట్టిగా వినిపిస్తుంది, గుండెకు "ఆగు" అన్న కబురు వినిపించదు.